నురగ గీసిన వలయం



మా ఇంటి ముందుగదిలో, పుస్తకాల అలమారాకు ఎదురుగా, ఆరేళ్ళుగా ఒక ఛాయాచిత్రం ఉంది. ఆదిలాబాదు అడవులలో పుట్టి కడెం నదిలో కలిసే ఒక చిన్న కొండవాగు చిత్రమది. నల్లని బండల మీదుగా వాగు మూడు మెట్లు దిగి ఒక మడుగులో పడుతుంది. అయితే ఆ చిత్రంలో నీరు నీటివలె కనిపించదు. మగ్గం మీదినుంచి అప్పుడే దింపిన తెల్లని పలుచని వస్త్రాన్ని ఎవరో ఆ బండలమీద పరచినట్లు కనిపిస్తుంది. ఒక్క బిందువు లేదు, ఒక్క తుంపర లేదు. మడుగులో ఎడమ ప్రక్కన నురగ ఒక తెల్లని వలయం గీసి ఉంటుంది. ఇంటికి వచ్చిన అతిథులందరూ ముందుగా ఆ వలయాన్నే మెచ్చుకునేవారు. "నీటిమీద వెండి గాజు పెట్టినట్లుంది" అని ఒక సోదరి అన్నారు. ఆ వలయాన్ని గీసింది మేము కాదు, నీరే. అయినా ఆ పొగడ్తను మాదిగానే స్వీకరిస్తూ వచ్చాము.

గత వర్షాకాలంలో ఆ వలయానికి అర్థం ఏమిటో మాకు తెలియవచ్చింది. దానిని మీతో పంచుకోవడానికే ఈ నెల ఈ శీర్షికను వినియోగిస్తున్నాము. అయితే అటువంటి చిత్రం ఎలా తయారవుతుందో ముందు తెలుసుకోవాలి. అది తెలియనిదే తరువాతి మాటకు అర్థం ఉండదు.

కాలాన్ని కూడబెట్టే పెట్టె

కెమెరాలో షట్టరు అనేది ఒక తలుపు. అది తెరుచుకున్నంత సేపు వెలుగు లోపలికి వస్తుంది, మూసుకోగానే ఆగిపోతుంది. పట్టపగలు మామూలుగా తీసే చిత్రానికి ఆ తలుపు సెకనులో 500వ వంతు తెరిస్తే చాలు. అంత స్వల్ప కాలంలో నీటి బిందువు కదిలే దూరం చాలా తక్కువ. కాబట్టి జలపాతాన్ని అలా తీస్తే ప్రతి బిందువూ గాజుపూసవలె గాలిలో నిలిచిపోయి కనిపిస్తుంది.

అదే తలుపును సెకనులో నాలుగోవంతు తెరిచి ఉంచితే బిందువులు గీతలుగా మారుతాయి. ఒకటి రెండు సెకన్లు ఉంచితే గీతలు కలిసిపోయి వస్త్రమవుతాయి. అర నిమిషం ఉంచితే సముద్రపు అలలు సైతం బండల చుట్టూ కమ్ముకున్న పొగమంచువలె కనిపిస్తాయి. పది అడుగుల ఎత్తునుంచి పడే బిందువు ఒక సెకను లోపే క్రిందికి చేరుతుంది. ఆ విధంగా వేలాది బిందువులు ఒకే దారిన వెళ్తుంటే, ఏ ఒక్కదాని రూపమూ చిత్రంలో నిలవదు. వాటన్నింటి వెలుగు ఒకదానిపై ఒకటి చేరి, అవి నడిచిన దారి మాత్రమే నిలుస్తుంది. ఛాయాచిత్రకారులు దీనిని లాంగ్ ఎక్స్‌పోజర్ అంటారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. తలుపు అంతసేపు తెరిస్తే వెలుగు ఎక్కువై చిత్రం అంతా తెల్లబారిపోతుంది. కనుక వెలుగును తగ్గించే ఉపాయాలు కావాలి. మొదటిది, కెమెరా ఐఎస్ఓను 100 వంటి కనిష్ఠ స్థాయికి తేవడం. రెండవది, కటకం రంధ్రాన్ని చిన్నది చేయడం. దానిని ఎఫ్ 8, ఎఫ్ 11 వంటి సంఖ్యలతో సూచిస్తారు. సంఖ్య పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. కాని ఎఫ్ 22 దాకా వెళ్తే అంత ఇరుకైన రంధ్రం గుండా వచ్చే వెలుగు వంగి చెదరడం వల్ల చిత్రంలో స్పష్టత తగ్గుతుంది. మూడవది, కటకానికి ముందు నల్లని ఫిల్టరు బిగించడం. దీనిని ఎన్‌డీ ఫిల్టరు అంటారు. మూడు స్టాపుల ఫిల్టరు వెలుగును 8వ వంతుకు, ఆరు స్టాపులది 64వ వంతుకు, పది స్టాపులది సుమారు 1000వ వంతుకు తగ్గిస్తుంది.

మేము ఆ వాగు దగ్గరకు వెళ్ళింది అక్టోబరు నెలలో. వర్షాలు వెనుకపట్టి వాగు తేటబడిన రోజులవి. ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరి, ఎండ ఎక్కకముందే చేరుకున్నాము. ఆకాశం మబ్బుపట్టి ఉంది. ఇటువంటి చిత్రానికి మబ్బు మేలు చేస్తుంది. ఎండ పడితే తడి బండలు మెరిసి కళ్ళు చెదురుతాయి. ఎఫ్ 11 దగ్గర, ఫిల్టరు లేకుండా, కెమెరా సెకనులో నాలుగోవంతు చాలునన్నది. ఆరు స్టాపుల ఫిల్టరు బిగించాము. నాలుగోవంతును 64తో హెచ్చించగా 16 సెకన్లు వచ్చింది. ట్రైపాడు కాళ్ళను బండ సందులలో గట్టిగా నిలిపి, చేతి తాకిడికి కెమెరా అదరకుండా రెండు సెకన్ల టైమరు పెట్టి, ప్రక్కకు జరిగి నిలుచున్నాము. పదహారు సెకన్లలో మా కంటికి కనిపించింది మామూలు వాగే. మడుగులో అక్కడక్కడా నురగ తేలుతున్నది, అంతే. చిత్రం తెర మీదికి వచ్చినప్పుడు మాత్రం అక్కడ వలయం ఉంది.

నిలిచినదే మిగులుతుంది

నీటిని ఇలా చూపడం ఈనాటి వింత కాదు. ఛాయాచిత్రకళ పుట్టిననాడు ఇదొక్కటే సాధ్యం. ఫ్రాన్సు దేశస్థుడు నిసెఫోర్ నియెప్స్ 1827 ప్రాంతంలో తన ఇంటి కిటికీనుంచి తీసిన చిత్రానికి గంటల తరబడి వెలుగు పట్టవలసి వచ్చింది. అంతసేపట్లో సూర్యుడు ఆకాశంలో ఒక వైపునుంచి మరొక వైపుకు జరిగాడు. అందువలన ఆ చిత్రంలో భవనాల ఇరు ప్రక్కలా ఎండ కనిపిస్తుంది.

1838లో లూయీ డాగేర్ పారిస్ నగరంలోని ఒక రద్దీ వీధిని పైనుంచి చిత్రించాడు. బండ్లూ మనుషులూ తిరుగాడుతున్న ఆ వీధి చిత్రంలో నిర్మానుష్యంగా కనిపిస్తుంది. నిమిషాలపాటు సాగిన ఆ చిత్రణలో నడిచినవారెవరూ పలకమీద ముద్ర వేయలేకపోయారు. ఒక మూలన మాత్రం ఒక మనిషి రూపం ఉంది. అతడు ఒక కాలు పైకెత్తి తన బూట్లకు పాలిష్ చేయించుకుంటూ నిలబడినవాడు. నిలిచాడు కాబట్టి మిగిలాడు. ఛాయాచిత్రంలో కనిపించిన తొలి మానవులలో ఒకడిగా ఆ అనామకుడిని నేటికీ చెప్పుకుంటారు.

1872లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అమెరికాలోని యోసెమిటీ లోయలో తీసిన జలపాతాల చిత్రాలలో కూడా నీరు తెల్లని తెరవలె జారుతుంది. ఆనాటి గాజుపలకలు మందకొడివి. వెలుగును పట్టుకోవడానికి వాటికి చాలాసేపు కావాలి. ఆరేళ్ళ తరువాత, 1878లో, ఆ మైబ్రిడ్జే పరుగెత్తే గుర్రాన్ని క్షణక్షణమూ నిలిపి చిత్రించి, పరుగులో ఒక దశలో దాని నాలుగు కాళ్ళూ నేలను వీడుతాయని చూపించాడు. కంటికి అందని సత్యాన్ని వేగపు చిత్రం వెలికితీసింది. నెమ్మది చిత్రం కూడా కంటికి అందని సత్యాన్ని వెలికితీయగలదని మేము ఆలోచించనే లేదు. దానిని కేవలం అందంగానే చూశాము.

ఒక చెప్పు తిరిగిన చోటు

గత ఆగస్టులో మా మేనల్లుడు భార్యాబిడ్డలతో మా ఇంటికి వచ్చాడు. ఆ చిత్రం ముందు చాలాసేపు నిలబడి, "మామూజాన్, నీరు ఎంత నెమ్మదిగా ఉంది! పిల్లలను తీసుకెళ్ళవచ్చునా?" అని అడిగాడు. "తప్పక తీసుకెళ్ళు" అన్నాము. కాగితం తెప్పించి దారి కూడా మేమే గీసి ఇచ్చాము. ఆ చిత్రం ఏ నెలలో తీశామో చెప్పలేదు. అందులో ఉన్నది పదహారు సెకన్ల నీరు అని చెప్పలేదు. నిజానికి మేము అక్కడ ఒక్కసారి కూడా నీటిలో కాలు పెట్టలేదన్న మాట చెప్పడం మాకు తోచనే లేదు.

వారు వెళ్ళేనాటికి రెండు రోజుల క్రితమే ఎగువన గట్టి వాన కురిసింది. వాగు అక్టోబరు వాగు కాదు. అయినా మడుగు అంచున చదునైన బండ ఉంది, చిత్రంలో ఉన్నట్లే. పిల్లలు దానిమీద కూర్చొని కాళ్ళు నీటిలో ఆడించారు. ఏడేళ్ళ చిన్నది కాలు విదిలించగా దాని చెప్పు జారి నీటిలో పడింది. చెప్పు కొట్టుకుపోలేదు. కొంతదూరం వెళ్ళి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ బండ దగ్గరకే వచ్చింది. పాప నవ్వింది. రెండవసారి కూడా అలాగే వచ్చింది. మూడవసారి వచ్చినప్పుడు పట్టుకుందామని చేయి చాచి ముందుకు వంగింది. బండ అంచున నాచు ఉంది.

తండ్రి వెంటనే దిగాడు. నీరు మోకాలి పైకి వచ్చేసరికే అతని కాళ్ళు తేలిపోయాయి. పాప చెప్పు తిరిగిన దారిలోనే తిరుగుతున్నది. అవతలి గట్టున పశువులు మేపుతున్న ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చి, తాను నీటిలో దిగకుండా, బండమీద బోర్లా పడుకొని తన పొడుగాటి కర్రను చాచాడు. తండ్రి ఒక చేత్తో కర్రనూ మరొక చేత్తో బిడ్డనూ పట్టుకున్నాడు. పాప మోచేయి గీరుకుపోయింది, చాలా నీళ్ళు మింగింది. దైవానుగ్రహం వల్ల ప్రాణం దక్కింది.

బిడ్డ ఊపిరి కుదుటపడిన తరువాత ఆ పెద్దాయన మా మేనల్లుడిని మందలించాడట. "నురుగు గుండ్రంగ తిరుగుతాంది, కండ్ల వడలేదా బిడ్డా? ఆడ సుడి ఉంటది."

వారు ఆ సాయంత్రమే మా ఇంటికి తిరిగి వచ్చారు. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పాప మాత్రం గోడ దగ్గరకు వెళ్ళి, చిత్రంలోని తెల్లని వలయం మీద వేలు పెట్టి, "దాదా, నా చెప్పు ఇక్కడే తిరిగింది" అన్నది.

చూపు వేరు, తీర్పు వేరు

మేము ఆ రాత్రి నిద్రపోలేదు. చిత్రం అబద్ధం చెప్పిందా అని ఆలోచించాము. చిత్రంలోని నీరు కంటికి కనిపించే నీరు కాదన్నది నిజమే. అయితే బిందువులను గాజుపూసలుగా నిలిపి చూపే వేగపు చిత్రం కూడా కంటికి కనిపించేది కాదు. కన్ను సైతం వెలుగును కొద్దిపాటి కాలం కూడబెట్టుకొనే చూస్తుంది. కెమెరా మరికొంత ఎక్కువసేపు కూడబెడుతుంది, లేదా మరింత తక్కువసేపు. రెండింటిలోనూ లేనిదేదీ కల్పించబడలేదు.

పైగా మా చిత్రం అబద్ధం చెప్పకపోవడమే కాదు, నిజాన్ని మా కళ్ళకంటే ముందుగా చెప్పింది. మడుగులో సుడి ఉన్నదని పదహారు సెకన్లపాటు వ్రాసి, మా గోడమీద పెట్టింది. చెదురుమదురుగా తేలుతున్న నురగను మేము చూశాము. ఆ నురగ అంతా ఒకే బాటలో తిరుగుతున్నదని కెమెరా చూసింది. ఆ బాటను చూసి మేము వెండి గాజు అన్నాము. పశువుల కాపరి కెమెరా లేకుండానే దానిని చదివాడు.

పదకొండవ శతాబ్ది తొలి దశకాలలో, బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ చూపును గురించి ఏడు సంపుటాల గ్రంథం వ్రాశాడు. దాని పేరు 'కితాబుల్ మనాజిర్'. వెలుగు కంటిలోనుంచి బయలుదేరదని, వస్తువులనుంచి కంటిలోకి వస్తుందని అందులో ఆయన నిరూపించాడు. చిన్న రంధ్రం గుండా చీకటిగదిలో పడే వెలుగును, గ్రహణ సూర్యుని ప్రతిబింబాన్ని కూడా ఆయన పరిశీలించాడు. నేటి కెమెరాకు మూలం ఆ చీకటిగదే. అయితే ఆయన అంతటితో ఆగలేదు. కన్ను వెలుగును అందుకున్నంత మాత్రాన చూడడం పూర్తికాదని, దానిని పోల్చి, ఊహించి, తీర్పు చెప్పే పని మనసుదని వివరించాడు. మూడవ సంపుటం మొత్తాన్ని చూపులో జరిగే పొరపాట్లకే కేటాయించాడు. మా పొరపాటు అటువంటిదే. వెలుగు సరిగానే వచ్చింది, తీర్పు తప్పింది.

కనుక ఇటువంటి చిత్రాన్ని చదవడం నేర్చుకుందాము. అందులో మిక్కిలి తెల్లగా, మిక్కిలి మెత్తగా కనిపించే చోటే నీరు మిక్కిలి బలంగా విరిగిపడే చోటు. నీటిలో గాలి కలిసినందువల్లనే ఆ తెలుపు. గాలి కలిసిన నీరు మనిషిని సరిగా తేల్చదు. ఈత వచ్చినవాడు సైతం అందులో మునిగిపోవచ్చు. జలపాతం పడేచోట నీరు క్రిందికి దిగి, మళ్ళీ పైకి లేచి, వెనక్కి తిరిగి జలపాతం క్రిందికే లాగుతుంది. సన్నని తెల్లని చారలు ప్రవాహం నడిచే బాటలు. చారలు ఇరుకున ఒకచోట కూడితే వేగం అక్కడ పెరిగిందని అర్థం. నీటి వేగం రెండింతలైతే అది మనిషి కాలిమీద వేసే ఒత్తిడి నాలుగింతలవుతుంది. మోకాలి లోతు నీరే కదా అనుకునేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. గుండ్రని చార ఉంటే అక్కడ సుడి ఉంది. చారలేవీ లేని నల్లని నునుపు చోటు నెమ్మదైనదే కావచ్చు, కాని దాని లోతు ఎంతో చిత్రం చెప్పదు.

చిత్రం తీసే యువతకు

మా పాఠకుల ఇళ్ళలో యువతీయువకులు చాలామంది చేతిలో కెమెరా ఉన్న ఫోను పట్టుకొని తిరుగుతున్నారు. కుంటాల, పొచ్చెర, బొగత, ఎత్తిపోతల, తలకోన అంటూ వర్షాకాలంలో ప్రయాణాలు కడుతున్నారు. వద్దని మేము అనము. ఈ పని ఓపికను నేర్పుతుంది. ఇప్పుడు దీనికి ఖరీదైన కెమెరా కూడా అక్కరలేదు. ఐఫోనులో లైవ్ ఫోటోగా తీసిన దానిని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చుకునే వీలు 2017నుంచే ఉంది. ఇతర ఫోనులలో కూడా చాలావాటికి ఇటువంటి సదుపాయం వచ్చింది. ఫోను అనేక చిత్రాలను వెంటవెంటనే తీసి ఒకటిగా కలుపుతుంది. చేయి కదలకుండా ఏదైనా బండకు ఆనించి పట్టుకుంటే చాలు.

అయితే కొన్ని నియమాలు పాటించండి. ట్రైపాడును గట్టుమీదే నిలపండి. నీటి మధ్య బండమీద నిలిపితే చిత్రం బాగుంటుందన్న ఆశకు లొంగవద్దు. షట్టరు తెరిచి ఉన్నంతసేపు మీ చూపు కెమెరా తెరమీద ఉంటుంది, ఎగువన లేదు. అందుకే ఒంటరిగా వెళ్ళకండి. ఒకరు చిత్రం తీస్తుంటే మరొకరు వాగును చూస్తూ ఉండాలి. మీ తలపై ఎండ కాస్తున్నా ఎగువన వాన పడుతూ ఉండవచ్చు. తేటనీరు ఉన్నట్టుండి మట్టిరంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, సామాను వదిలి అయినా సరే పైకి ఎక్కండి. ఎవరైనా నీటిలో పడితే వెంట దూకకండి. కర్రగాని, తాడుగాని, దుపట్టాగాని అందించండి. మూత బిగించిన ఖాళీ డబ్బా అయినా విసరండి. ఆ పెద్దాయన చేసినది ఇదే. ఇద్దరి ప్రాణాలు దక్కడానికి కారణం ఆయన నీటిలో దిగకపోవడం.

అన్నింటికంటే ముఖ్యమైన నియమం మరొకటి ఉంది. చిత్రాన్ని ఇతరులకు చూపేటప్పుడు దాని కథను కూడా చెప్పండి. ఎప్పుడు తీశారో, ఎంతసేపు తీశారో, ఆనాడు నీరు నిజంగా ఎలా ఉన్నదో చెప్పండి. ఒక మాటలో సగం దాచి చెప్పడం ఎంతో, ఇది కూడా అంతే. మేము దాచాలని దాచలేదు. కాని చెప్పలేదు. ఆ పాప విషయంలో ఈ రెండింటికీ తేడా లేకపోయింది.

మా ఆపా, అంటే పాప దాదీ, ఆ చిత్రాన్ని తీసివేయమని కోరారు. తీసివేశాము. నెల రోజులు ఆ గోడ ఖాళీగా ఉంది. తరువాత ఆపాతో మాట్లాడి, ఆమె అంగీకారంతోనే మళ్ళీ తగిలించాము. ప్రక్కన అదే వాగును అదే ఉదయం సెకనులో 1000వ వంతులో తీసిన మరొక చిత్రం పెట్టాము. అందులో నీరు తెల్లని గుడ్డ కాదు. బండలమీద పగిలి ఎగిరే వేలాది ముక్కలు. రెండింటి క్రింద ఒక అట్టముక్క మీద ఇలా వ్రాశాము: "అక్టోబరు. వర్షాలు తగ్గిన తరువాత. ఎడమది 16 సెకన్లు, కుడిది సెకనులో 1000వ వంతు. వలయం ఉన్నచోట సుడి ఉంది. నీటిలో దిగరాదు."

అతిథులు ఇప్పటికీ వలయం దగ్గరే ఆగుతున్నారు. ఆగి, క్రిందనున్నది చదువుతున్నారు. చదివినవారు తమ పిల్లలను దగ్గరకు పిలిచి చూపిస్తున్నారు. మీ ఇళ్ళలో కూడా ఇటువంటి చిత్రాలు గోడమీదనో ఫోనులోనో ఉండే ఉంటాయి. ఈ వర్షాకాలం ముగిసేలోగా ఒకసారి పిల్లలతో కూర్చొని వాటిని తీయండి. నీరు ఎటునుంచి ఎటు వెళ్తున్నదో, ఎక్కడ తిరుగుతున్నదో వారిచేత వేలుపెట్టి చూపించండి.